నూనె గొట్టాలు విప్పిన రోజు

ఆసుపత్రిలో కాగితాలన్నీ అయిపోయాయనీ, బండి ఇంకో గంటలో వచ్చేస్తుందనీ పాస్టరు గారు గుమ్మంలో నిలబడి చెప్పి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ సందులోకి వెళ్ళిపోయారు. కళ్యాణి గోడ గడియారం చూసింది. పదీ పది. ఇంకో గంట ఈ కుర్చీలో కూర్చోవాలి, ఎవరైనా పలకరిస్తే తలాడించాలి, టీ ఇస్తే తాగాలి. ఈ బెంగాలీ రైల్వే ఊరి పూరీ గేట్‌లో విల్‌ఫ్రెడ్ అన్న ఇంటి ముందుగది ఇది. ఆయనతో కలిసి పనిచేసిన ఎనిమిదేళ్ళలో ఎన్నిసార్లు వచ్చిందో. క్రిస్మస్ కేకు కోసం, వాళ్ళమ్మాయి ఏంజలిన్ కాలేజీలో చేరినప్పుడు, ఒకసారి జోరువానలో స్కూటీ ఆగిపోయి ఊరికే. అప్పుడు ఈ గోడవారగా మంచం ఉండేది. ఇవాళ మంచం పక్కింటి వసారాలోకి పోయింది, చర్చి నుంచి తెచ్చిన రెండు పొడవాటి బల్లల మీద ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు, గది మధ్యలో రెండు స్టూళ్ళు ఎడంగా పెట్టి తెల్లగుడ్డ కప్పారు, పెట్టె దించడానికి. స్టూళ్ళ మధ్య నాలుగడుగులుంటుంది. కొంచెం దగ్గరికి జరిపితే మంచిది, విల్‌ఫ్రెడ్ అన్న మంచి బరువు, పెట్టె నడుం దగ్గర దిగబడుతుంది అనుకుని, అలా అనుకున్నందుకు కళ్ళు దించుకుంది. పదిహేనేళ్ళుగా ఈ బుర్రకి ఇదే పని. ఏది చూసినా ఎంత బరువు, ఎక్కడ ఆనింది, ఎటు ఊగుతుంది. చావు ఇంట్లో కూడా మానదు.

సూసన్న వదిన టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. మొగుడు పోయిన మనిషి టీలు అందించడమేమిటని బల్ల మీంచి ఎవరో అన్నారు, కూర్చుంటే ఉండలేకపోతున్నానని ఆవిడ ఎవరినీ చూడకుండానే జవాబు చెప్పింది. చెప్పి, కళ్యాణి కుర్చీ పక్కన నేలమీదే కూలబడి, ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేడిగా ఉంది, టీ గిన్నె పట్టుకున్న వేడి. "నిన్ను కూడా ఇరకాటంలో పెట్టీసినాడమ్మా," అంది మెల్లగా. "పదిమందికి జాగర్త సెప్పే మనిషి. ఆ గీత దాటి ఎందుకెల్లినాడో, ఏటి తోసిందో. మీ సారు నిన్న ఒచ్చి అంతా సెప్పినాడు. నువ్వేటీ మనసులో పెట్టుకోకు." కళ్యాణి టీ తాగింది. నాలుక కాలింది, తాగుతూనే ఉంది. ఆవిడ తనని క్షమాపణ అడుగుతోంది. మొగుడు తెలివితక్కువగా చచ్చిపోయి కళ్యాణికి పోలీసుల ముందు నిలబడే ఇబ్బంది తెచ్చిపెట్టాడని. గ్లాసు ఖాళీ అయింది, ఇప్పుడు చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన లేచి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది, చీర కుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి, పొద్దుటే ఇల్లంతా కడిగినట్టుంది.

నిన్న వచ్చి అంతా చెప్పిన సారు ఆమె పనిచేసే టెస్టింగ్ సెంటరు మేనేజర్ సామంత. ఆయన ఇక్కడికి వచ్చింది సాయంత్రం ఆరింటికి. అంతకు రెండు గంటల ముందు తన గదిలో కళ్యాణిని కూర్చోబెట్టుకున్నాడు. టేబుల్ మీద ఒక కాగితం, దాని మీద పెన్ను, మూత తీసి ఉంది. విల్‌ఫ్రెడ్ ఎవరి అనుమతీ లేకుండా, పరీక్ష జరుగుతుండగా, తన ఇష్టంతో, యంత్రం చుట్టూ గీసిన పసుపు గీత దాటి లోపలికి వెళ్ళాడు. మూడు వాక్యాలు, ఇంగ్లీషులో. ఆయన గొంతు పెంచలేదు. నువ్వు ఇంకోలా రాస్తే పోలీసులు ముందు నీ దగ్గరికే వస్తారు అన్నాడు హిందీలో, బటన్ నొక్కిన చెయ్యి నీది, నాది కాదు. సెంటరు మూతపడితే ముప్ఫై మంది రోడ్డున పడతారు, వాళ్ళలో సగం మంది మీ తెలుగువాళ్ళే. పోయినవాడికి ఏ మాటైతే ఏమిటి, అని కూడా అన్నాడు. ఆమె సంతకం పెట్టింది. తన పేరు మామూలుగా రాసినట్టే రాసింది, చివరి అక్షరం కింద గీత గీసింది, జీతం రిజిస్టరులో గీసినట్టే. ఇంటికి వెళ్ళి అన్నం వడ్డిస్తుంటే నాన్న నూకయ్య అడిగాడు, ఏదో కాగితం మీద సంతకం పెట్టావా అని. పెట్టినానంది. నాన్న కంచంలో మిగిలిన అన్నం పూర్తిగా తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాన్న చేతులు. ఆ చేతుల వల్లే ఆమె ఈ పనిలోకి వచ్చింది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు గాలి సుత్తి పట్టుకున్నాడు, వ్యాగన్ రేకులకి రివెట్లు కొట్టే సుత్తి. దాని అదురు మణికట్టు లోంచి మోచేతికి, మోచేతి లోంచి పళ్ళకి ఎక్కేదని చెప్పేవాడు. నలభై దాటేసరికి వేళ్ళ చివర్లు సున్నం రాసినట్టు తెల్లబడ్డాయి. శీతాకాలం పొద్దున న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ గుమ్మంలో నిలబడి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే, స్కూలు సంచీ భుజాన ఉండగానే ఆమె ఎదురుగా నిలబడి కింద నుంచి పైకి ఒక్కొక్కటీ పెట్టేది. ఆయన ఆకాశంలోకి చూసేవాడు, సిగ్గుపడేవాడు కూతురి ముందు. వణుకుని ఆపడానికి చదువుంటుందని ఆమెకి పన్నెండేళ్ళప్పుడు ఎవరో చెప్పారు, ఎవరో గుర్తులేదు, తెలుగు మాస్టారే అయివుండాలి. డిప్లొమా చదివింది, హిజ్లీ దాటి పెద్ద రోడ్డు పక్కన పాత రైస్‌మిల్లు షెడ్డులో పెట్టిన ఈ ప్రైవేటు టెస్టింగ్ సెంటరులో చేరింది. కట్టడాల అదురు తగ్గించే పరికరాలు పరీక్ష చేస్తారిక్కడ. అంతకుముందు ఆరేడేళ్ళు కలకత్తాలో ఇలాంటి పనే. ఈ సెంటరులో చేరిన రోజు షెడ్డు మధ్యలో నిలబడి ఉక్కు స్తంభాన్ని పానాతో ఠంగుమని కొట్టి, చెవి ఆనించి వింటున్న మనిషి కనిపించాడు, భుజం మీద నూనె గుడ్డ, నెరిసిన మీసం. ఏం వింటున్నారని అడిగితే, నూకయ్య కూతురివి గదా, దగ్గరికొచ్చి నువ్వే ఇను అన్నాడు. విల్‌ఫ్రెడ్ అన్న. ఆ చల్లటి ఇనుముకి చెంప ఆనించి ఆమె విన్నది, మోత దూరంగా వెళ్ళి వెళ్ళి అణగిపోవడం.

ఆ షెడ్డులో మూడంతస్తుల ఉక్కు చట్రం ఒకటి ఉంది. మేడకి నమూనా. రెండు నిలువుల ఎత్తు, గోడలుండవు, స్తంభాలూ అంతస్తులూ అంతే. కింద దాన్ని కుదిపే బల్ల. బల్ల కదిలితే చట్రం ఊగుతుంది, భూకంపంలో మేడ ఊగినట్టే. ఆ ఊపుని తగ్గించడానికి రెండు దారులు. ఒకటి నూనె గొట్టాలు: అంతస్తుకి రెండేసి, మొత్తం ఆరు, తలుపు దానంతటదే మెల్లగా మూసుకోవడానికి పైన బిగిస్తారే అలాంటివే, కాకపోతే తొడంత లావు. చట్రం ఊగబోతే లోపలి చిక్కటి నూనె అడ్డుపడి ఆ ఊపుని మింగేసి వేడి చేసుకుంటుంది. రెండోది పైన, కప్పు మీద పట్టాల మీద అటూ ఇటూ పరిగెత్తే ఇనుప ట్రాలీ, సిమెంటు బస్తా కంటే బరువు. సెన్సర్లు ఊపుని చూసి కంప్యూటరుకి చెబుతాయి, కంప్యూటరు మోటారుకి చెబుతుంది, మోటారు ట్రాలీని ఎదురు తోస్తుంది. గొట్టాలు ఎప్పుడూ ఒకే తీరున అణుస్తాయి, ట్రాలీ ఊపుని బట్టి ఇంకా బాగా ఆపుతుంది. కానీ ట్రాలీకి కరెంటు కావాలి, సెన్సరు సరిగ్గా చెప్పాలి, సరైన క్షణంలో తొయ్యాలి. అర క్షణం ఆలస్యమైతే ఎదురు తొయ్యాల్సింది వెనకనుంచి తోస్తుంది, ఉయ్యాల ఊపినట్టు. అందుకే రెండూ కలిపి పెట్టాలన్నది ఆమె ఎనిమిదేళ్ళ పని. ట్రాలీ తప్పు చేసినా గొట్టాలు కాస్తాయి. పట్టికలు, గ్రాఫులు, రెండు రిపోర్టులు. విల్‌ఫ్రెడ్ అన్నకి రిపోర్టులతో పనిలేదు. ట్రాలీ మోటారుకి గ్రీజు పెడుతూ ఒకసారి అన్నాడు: "నూనె గొట్టానికి కరెంటు అక్కర్నేదు, తెలివి అక్కర్నేదు. దానికి తప్పు సెయ్యడం రాదమ్మా. దీనికి వొచ్చు."

బల్ల మీద ఆడవాళ్ళు సన్నగా కీర్తన ఎత్తుకున్నారు, మధ్యలో గొంతులు తెగిపోయాయి, మళ్ళీ ఎవరో అందుకున్నారు. విల్‌ఫ్రెడ్ అన్న ఉంటే కింది స్వరం పట్టుకునేవాడు, షెడ్డులో కూడా అంతే, పానా తిప్పుతూ ముక్కులోంచి పాడుతూ ఉండేవాడు, ఆ శబ్దం సెన్సర్లలో పడుతుందని ఆమె విసుక్కునేది. నిజంగా పడేది కాదు. ఊరికే విసుక్కునేది. పైన ఫ్యాను ఊగుతోంది, ఒక రెక్క కొంచెం వంగినట్టుంది, బోల్టు దగ్గర చప్పుడు. ఎవరైనా బిగిస్తే బాగుండు. పదీ ముప్ఫై రెండు. బండి ఎక్కడిదాకా వచ్చిందో.

ఏంజలిన్ లోపలి గదిలోంచి వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి చిన్నపిల్లలా కనిపిస్తోంది. చేతిలో ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు. కళ్యాణి ముందు గొంతుక్కూర్చుని కవరు ఒళ్ళో బోర్లించింది. ఫోను, అద్దం పగిలింది. తాళాలు. పర్సు. ఇంకా ఆరు ఇనుప పిన్నులు, బొటనవేలంత లావు, బెత్తెడు పొడవు, ఒక్కోదానికీ చివర చిన్న రంధ్రం. "నాన్న చొక్కా జేబులో ఉన్నాయంట. ఇవేటత్తా?" అంది. కళ్యాణి ఒకటి చేతిలోకి తీసుకుంది. నూనె జిడ్డు ఇంకా ఉంది. పిన్నులు అంది. గొట్టాలకి పెట్టే పిన్నులు. మరి నాన్న జేబులో ఎందుకున్నాయని ఆ పిల్ల అడిగింది, ఆ ప్రశ్న వినిపించింది కానీ అప్పటికే మంగళవారం పొద్దున తొమ్మిదిన్నర అయిపోయింది, షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి, ఎండ చట్రం మీద పడుతోంది.

ఆ రోజు కొండప్రాంతంలో ఎత్తయిన ఆసుపత్రి కట్టబోయేవాళ్ళు ముగ్గురు చూడడానికి వస్తున్నారు. సామంత సారు ఉదయాన్నే వచ్చి, గొట్టాలు బిగించి ఉంటే చట్రం అసలు ఊగదు, ఊగకపోతే ట్రాలీ ఏం చేస్తోందో వాళ్ళకెలా తెలుస్తుంది, ఇవాళ్టికి గొట్టాలు విప్పేయండి అన్నాడు. చట్రం బాగా ఊగాలి, అప్పుడు ట్రాలీ వేయాలి, టక్కున ఆగిపోవాలి, అది చూపించాలి. కళ్యాణికి ఆ క్షణంలో ముందురోజు సాయంత్రం గుర్తొచ్చింది. సెన్సరు సంకేతంలో గరగర ఎక్కువుందని కంప్యూటరులో ఒక ఫిల్టరు పెట్టింది. సంకేతం నున్నగా వచ్చింది, కానీ ఫిల్టరు పెడితే సంకేతం కొంచెం ఆలస్యంగా వస్తుంది, అది ఎవరూ చెప్పనక్కర్లేదు, మొదటి ఏడాది పుస్తకంలోనే ఉంటుంది. అప్పుడు గొట్టాలు ఉన్నాయి కాబట్టి ఏమీ కాలేదు. గొట్టాలు లేకుండా ఈ ఆలస్యంతో ఏమవుతుందో ఆమె చూడలేదు. చూడాలి. ముందు చిన్న బలంతో ఒకసారి నడిపి చూడాలి, అరగంట పని. సార్, ఒక అరగంట, అంది. కార్లు గేటు దగ్గరికి వచ్చేశాయి అన్నాడాయన.

విల్‌ఫ్రెడ్ అన్న నిచ్చెన మీద నిలబడే ఉన్నాడు, చేతిలో పానా ఉంది, మొదటి పిన్ను తియ్యలేదు. సారు మాట వినబడనట్టు ఆమె వంక చూశాడు. "నువ్వు సెప్పమ్మా. విప్పమంటావా?" ఆయన అడిగింది సారుని కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ చట్రం విషయంలో ఆయన అడిగేది ఆమెనే. ఆమె కంప్యూటరు తెర వైపు తిరిగి, "ఒక్కసారికే కదన్నా" అంది. ఆయన ఆరు పిన్నులూ లాగి, అయిపోగానే మళ్ళీ పెట్టేయాలని కాబోలు, నేలమీద పెట్టకుండా చొక్కా జేబులో వేసుకుని, జేబు బరువుకి చొక్కా ఒకవైపు జారుతుంటే సవరించుకుంటూ నిచ్చెన దిగాడు. గొట్టాలు ఒక చివర మాత్రమే బిగింపుతో వేలాడుతున్నాయి. చట్రాన్ని చేత్తో నెట్టి చూసి వదిలాడు, అది ఊగింది, ఊగుతూనే ఉంది, ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆయన అది ఆగేదాకా చూసి, పసుపు గీత అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. ఆ గీత ఏటేటా కొత్త రంగు వేసేది ఆయనే. షెడ్డులో ఆ గీతని కాలితో తొక్కని మనిషి ఆయనొక్కడే.

తర్వాత జరిగినదంతా కంప్యూటరులో ఉంది, కంప్యూటరు ఇప్పుడు సారు గదిలో ఉంది. కుదుపు బల్ల మెల్లగా మొదలైంది, చట్రం వేలెడంత అటూ ఇటూ ఊగుతోంది. తెర మీద మూడో సెన్సరు గీత పోయిపోయి వస్తోంది, కింద స్తంభం దగ్గరి పెట్టెలో వైరు వదులై ఉంటుంది. వచ్చినవాళ్ళు అద్దాల గదిలో ఆమె వెనకే కూర్చుని చూస్తున్నారు, వాళ్ళ ముందు ఆపి మళ్ళీ మొదలుపెట్టడం బాగుండదనిపించింది. ఆమె కుడిచెయ్యి ఎత్తి, రెండు వేళ్ళతో రమ్మని చేసి, పెట్టె వైపు చూపించింది. ఆయన వచ్చాడు. గీత దాటి, వంగి, స్తంభం పక్కన గొంతుక్కూర్చుని పెట్టె మూత తీశాడు. గీత తెర మీద నిలబడింది. అదే క్షణంలో సామంత సారు వెనకనుంచి, కంట్రోల్ వెయ్యి అన్నాడు, ట్రాలీని నడిపించమని. ఆమె చట్రం వైపు చూసింది. చూసింది, చూడలేదని అనడానికి లేదు. ఆయన వీపు కనిపించింది, భుజం మీద గుడ్డ కనిపించింది. కంట్రోల్ వేస్తే ఊపు ఆగిపోతుంది కదా, ఊగుతున్న ఇనుము పక్కన మనిషి ఉండడం కంటే నిలిచిన ఇనుము పక్కన ఉండడం మంచిది కదా అనుకుంది. ఆయన కోసమే అనుకుని నొక్కింది.

ఒక్క ఊపిరిసేపు చట్రం నెమ్మదించింది. ఆ తర్వాత మోటారు గొంతు మారింది, తేనెటీగలా ఉండేది కుక్క గుర్రులా అయింది. ట్రాలీ కుడికి పోవాల్సినప్పుడు ఎడమకి పోతోంది. చట్రం అరచెయ్యంత ఊగింది, మళ్ళీ జానెడు, మళ్ళీ జానెడున్నర. ఆమె చట్రాన్ని చూడలేదు, తెర చూసింది. గీత పెరుగుతోంది, ఇప్పుడు తగ్గుతుంది, ఇదిగో ఇప్పుడు తగ్గుతుంది. నిన్న తగ్గింది. ప్రతిసారీ తగ్గింది. నాలుగు సెకన్లు. ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసేటప్పటికి నాలుగు సెకన్లు. కరెంటు పోయింది, మోటారు ఆగింది, ఆగితే ఇక ఆ ట్రాలీని పట్టుకునేదేమీ లేదు, అది ఉత్త ఇనుప దిమ్మ. ఊపుని మింగడానికి గొట్టాల్లేవు. గొట్టాలుంటే రెండు ఊపుల్లో అణిగిపోయేది, రెండంటే రెండు, ఆమె లెక్కకట్టింది, నిన్న రాత్రి, మొన్న రాత్రి, ఇప్పుడు ఈ కుర్చీలో కూడా. చట్రం తన బరువుకి తానే ఊగుతూ ట్రాలీని ఈ చివరనుంచి ఆ చివరకి విసిరింది, రెండోసారి కొట్టుకున్నప్పుడు చివరి అడ్డుకమ్మీ వెల్డింగ్ వదిలేసింది. అప్పటికి విల్‌ఫ్రెడ్ అన్న లేచి నిలబడ్డాడు. పరిగెత్తలేదు. చట్రాన్ని ఆపేద్దామన్నట్టు ఒక చెయ్యి స్తంభానికి ఆనించి, అద్దం లోంచి ఆమె వైపు చూశాడు, ఏటమ్మా అన్నట్టు. పట్టాలు దాటి కిందికి వస్తున్న ట్రాలీ వైపు, పైకి చూడలేదు.

"అత్తా," అంటోంది ఏంజలిన్. ఎంతసేపటినుంచి అంటోందో. కళ్యాణి చేతిలోని పిన్నుని ఆ పిల్ల మెల్లగా వేళ్ళు విడదీసి తీసుకుంటోంది. అరచేతిలో పిన్ను అంచు గుచ్చుకుని గుండ్రటి మచ్చ పడింది. "నాను చిన్నప్పుడు సెలవుల్లో షెడ్డుకి ఒస్తే, ఆ గీత మీద బొమ్మలాట ఆడనిచ్చేవాడు కాదు నాన్న," అంది ఏంజలిన్. గొంతు తగ్గించింది, తల్లికి వినబడకూడదని. "పిలవకుండా నేనైనా ఎల్లను పాపా అనేవాడు. నాన్నని ఎవరు పిలిసినారత్తా?"

ఎవరూ లేరని చెప్పవచ్చు. కాగితం మీద అదే ఉంది, సంతకం కూడా అయిపోయింది, వదిన ఆ మాటకి ఈపాటికే అలవాటు పడుతోంది, ఏడుపులో ఆ మాట కూడా కలిపి ఏడుస్తోంది. సారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు, బటన్ నొక్కిన చెయ్యి ఇదే. జైలు, కోర్టు, ఇంట్లో గుండీలు పెట్టుకోలేని నాన్న. ఇంకా ఇరవై నిమిషాలు మౌనంగా ఉంటే బండి వచ్చేస్తుంది, పెట్టె దిగుతుంది, ప్రార్థన మొదలవుతుంది, ఈ పిల్ల అడిగిన ప్రశ్న ఆ ఏడుపుల్లో పడి పోతుంది, మళ్ళీ ఎప్పుడో పదేళ్ళకి అడుగుతుంది, అప్పుడు చెప్పవచ్చు. ఇదిగో ఇప్పుడు తగ్గుతుంది. తెర ముందు కూర్చున్న నాలుగు సెకన్లూ అచ్చం ఇలాగే ఉన్నాయని ఆమెకి తెలిసింది.

"నేనే," అంది కళ్యాణి. "నేనే సెయ్యూపి పిలిసినాను. ఆయన లోపలుండగా మిషన్ నేనే ఏసినాను."

కీర్తన ఆగలేదు, బల్ల మీదివాళ్ళకి వినబడలేదు. ఏంజలిన్ చాలాసేపు ఆమె నోటి వైపే చూసింది, ఇంకేదో రావాలన్నట్టు. తర్వాత పిన్నులు ఒక్కొక్కటీ ఏరి కవరులో వేసుకుని లేచి వంటింట్లోకి వెళ్ళింది. లోపల గిన్నె కిందపడిన చప్పుడు. కళ్యాణి లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళలేక, బయటికి రాలేక నిలబడింది.

సూసన్న గ్యాసు పొయ్యి ఆర్పేసి ఇటు తిరిగింది. ఆవిడ మొహం ముసురులో నిలబడ్డ మనిషి మొహంలా ఉంది, ఏ భావమూ లేదు. పిల్ల చెప్పింది నిజమేనా అని అడగలేదు. "అయితే ఆయన తప్పు నేదా?" అని మాత్రం అడిగింది, "గీత దాటినందుకు నిన్నట్నించీ నాను ఆయన్ని తిడతన్నాను. సచ్చిపోయిన మనిషిని తిట్టినాను." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. "రాసిస్తావా?" అంది.

ఏంజలిన్ కాలేజీ నోటుబుక్కులోంచి కాగితం చింపింది. పొయ్యి గట్టు మీద కాగితం పెట్టుకుని కళ్యాణి ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే సూసన్న అడ్డుపడింది, తనకి తెలుగొక్కటే చదవడం వచ్చు, తునిలో అయిదో తరగతి దాకా చదివింది. కళ్యాణి తెలుగు రాసి పద్దెనిమిదేళ్ళయింది. న్యూ సెటిల్‌మెంట్ బడిలో నేర్చుకున్న అక్షరాలు వంకరగా, ఒక్కొక్కటీ వెతుక్కుంటే వచ్చాయి. తేదీ రాసింది. గొట్టాలు విప్పమని మేనేజరు చెప్పాడని రాసింది, వద్దని తను గట్టిగా చెప్పలేదని రాసింది. ఫిల్టరు పెట్టినట్టు, పెట్టాక పరీక్షించనట్టు రాసింది. కంట్రోల్ తనే వేసిందని, ఆపే ఎర్ర బటన్ నొక్కడం నాలుగు సెకన్లు ఆలస్యమైందని, నిన్న తను సంతకం పెట్టిన కాగితం అబద్ధమని రాసింది. ఒత్తులు తప్పాయి, కొట్టేసి మళ్ళీ రాసింది. కాగితం నిండిపోయింది.

సూసన్న కాగితం కిటికీ వెలుగులోకి తిప్పి, కింద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చదివింది. కొన్ని మాటల దగ్గర ఆగి కూతురిని అడిగింది, ఫిల్టరంటే ఏటని, ఆ పిల్లకి తెలియలేదు, కళ్యాణి చెప్పింది. చివరిదాకా చదివి మళ్ళీ పైకి వెళ్ళి మధ్యలో ఒకచోట వేలు ఆపింది.

"పిలిసినాను అన్న మాట ఇందులో నేదు," అంది.

కళ్యాణి చూసింది. నిజమే. గొట్టాల నుంచి బటన్ దాకా అన్నీ రాసింది. అది రాయలేదు. కావాలని మానలేదు, మానలేదనే అనుకుంది. చెయ్యి దానంతటదే ఆ మాట మీదుగా దాటి వెళ్ళిపోయింది.

"రాయి."

అంచున ఖాళీ ఉంది, అడ్డంగా తిప్పి రాసింది. విల్‌ఫ్రెడ్ గారు తనంతట తాను గీత దాటలేదు, నేను చెయ్యి ఊపి పిలిచాను, అందుకే వచ్చారు. కింద సంతకం పెట్టింది. ఏంజలిన్ ఫోనుతో ఫోటో తీసింది, ఒకటి చాలక మూడు తీసింది, ఎవరికో పంపింది. బయట హారన్ వినిపించింది, సందు ఇరుకు, వెనక్కి తిప్పుకుంటూ వస్తున్నట్టుంది. ముందుగదిలో బల్లలు నేలమీద గీసుకున్న చప్పుడు, అందరూ లేచారు, ఎవరో పెద్దగా ఏడుపు మొదలుపెట్టారు. సూసన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. తలమీదికి కొంగు లాక్కుంటూ, కళ్యాణి మొహం చూడకుండా, ఆమె పక్కనుంచి వెళ్తూ చెప్పింది: "నువ్వు సమాధుల తోటకి రావొద్దమ్మా. ఇంటికెల్లిపో."

వంటింటి పక్క తలుపులోంచి కళ్యాణి బయటికి వచ్చింది. చెప్పులు ముందు గుమ్మంలో ఉన్నాయి. వాటి కోసం వెళ్ళడం ఎలాగో తెలియక వట్టికాళ్ళతోనే సందులోకి దిగింది. తెల్ల బండి ఇంటికి ఎదురుగా ఆగి ఉంది, వెనక తలుపు ఎండకి మెరుస్తోంది. బండి డ్రైవరు, బెంగాలీ ముసలాయన, తలుపు తీశాడు, గొళ్ళెం చెడిపోయిందో ఏమో అది నిలబడక మూసుకుపోతోంది, లోపల పెట్టెకి రెండో మనిషి చేతులు వేసి ఉన్నాడు. ముసలాయన చుట్టూ చూసి, అందరికంటే దగ్గరలో ఉన్న ఆమెనే అడిగాడు. "దీదీ, దొర్‌జాటా ఎక్టు ధొరూన్." ఆమె తలుపు పట్టుకుంది. రేకు కాలిపోతోంది. నలుగురు మగవాళ్ళు ఇంట్లోంచి వచ్చారు, పెట్టె ముందు భాగం బయటికి వచ్చింది, ఆమె చేతికి జానెడు దూరంలోంచి సాగింది, మేకులు కొత్తగా ఉన్నాయి, చెక్క మీద పేరు బెంగాలీలో రాసి ఉంది. మోసేవాళ్ళలో ఒకడు అడుగు తప్పి పెట్టె ఒకవైపుకి ఒరిగితే ఆమె రెండో చెయ్యి ముందుకి వెళ్ళింది, అందేలోపలే వాళ్ళు సర్దుకున్నారు. పెట్టె గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. ముసలాయన లోపలి కాగితాలు సర్దుకుంటూ, అయిపోయింది, ఇక వదిలేయండి అన్నాడు. ఆమె వదల్లేదు. ఆయన వచ్చి తలుపు తనే అందుకుని, ఆమె చేతిని పక్కకి తప్పించి మూసేశాడు.